కుండీలో కాలా లిల్లీ: దుంప నాటడం నుంచి మళ్లీ నిద్ర లేపడం దాకా

కాలా లిల్లీ దుంపలు సాధారణంగా రెండు సందర్భాల్లో చేజారిపోతాయి. నాటిన మొదటి పదిహేను రోజుల్లో, ఇంకా వేరు కూడా పుట్టని దుంపకు రోజూ నీళ్లు పోసి కుళ్లబెట్టడం ఒకటి. పూలు అయిపోయి ఆకులు పండిపోగానే మొక్క చచ్చిందనుకుని కుండీ బోర్లించేయడం రెండోది. ఈ రెండు చోట్లా చెయ్యి ఆపుకోగలిగితే మన తెలుగు ప్రాంతాల్లోనూ ఇంట్లో దీన్ని ఏళ్ల తరబడి పూయించవచ్చు. మనకు ఇది చలికాలపు మొక్క. ఎండాకాలంలో పూయించాలని పంతం పట్టకూడదు.

కొనేముందు

పేరుకే లిల్లీ. నిజానికి చేమ, కంద, మనీ ప్లాంట్, ఆంథూరియం ఉన్న కుటుంబానిదే ఇదీ. సొంతగడ్డ ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగం. గరాటులా చుట్టుకున్న రంగు భాగాన్ని మనం పువ్వు అంటాం కానీ అది రూపు మార్చుకున్న ఆకు. అసలు పూలు దాని మధ్యలో నిలబడే పసుపు కాడ మీద కంటికి ఆననంత చిన్నగా ఉంటాయి.

ఇంట్లో పెంచేవి రెండు తీరులు. ఒకటి తెల్ల కాలా, శాస్త్రీయంగా జాంటెడెస్కియా ఇథియోపికా. ఇది బురద నేలల మొక్క. నీలగిరుల్లోనూ కొడైకెనాల్‌లోనూ వాగుల పక్కన, తడి పల్లాల్లో దానంతటదే పెరుగుతూ కనిపిస్తుంది. రెండోది గులాబీ, పసుపు, నారింజ, ముదురు వంకాయ రంగుల్లో వచ్చే సంకర రకాలు. ఇవి పొట్టిగా, ఒకటి ఒకటిన్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. చాలావాటి ఆకుల మీద తెల్ల చుక్కలుంటాయి. వీటికి చదునైన దుంప ఉంటుంది, ఏటా తప్పనిసరిగా నిద్రపోతాయి, అంటే ఆకులన్నీ పండిపోయి కొన్ని నెలలు దుంపగానే ఉంటాయి. ఈ రెండింటికీ నీటి అవసరం పూర్తిగా వేరు కాబట్టి ఒకే కుండీలో కలిపి పెట్టకండి. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, తిరుపతి లాంటి చోట్ల మొదలుపెట్టేవాళ్లు రంగుల రకమే తీసుకోండి. తెల్లది అరకు, లంబసింగి లాంటి చల్లని చోట్ల బాగా వస్తుంది. మైదానాల్లో ఆకులైతే వేస్తుంది గానీ పూయడానికి మొరాయిస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటో ఒకటి, వచ్చే దుంప ఒకటి కావడం మామూలే. కాలా అని చెప్పి మెట్టతామర దుంపలు పంపడం ఉంది, నర్సరీలో పీస్ లిల్లీని చూపించి ఇదే అనడమూ ఉంది. మెట్టతామర దుంప అల్లంలా పొడుగ్గా, కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. రంగుల కాలా దుంప గోధుమ రంగులో, బిళ్లలా చదునుగా, ఒకవైపు వలయాల మధ్య ఉబ్బెత్తు కళ్లతో ఉంటుంది. పీస్ లిల్లీ పువ్వు విప్పిన అరచేయిలా చదునుగా ఉంటుంది, కాలాలా గరాటు చుట్టదు.

దుంపను బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉండాలి. ఒక్కచోట మెత్తబడినా, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన వచ్చినా వెనక్కి పంపేయండి. పైన కొంచెం ముడతలు పడితే ఫర్వాలేదు. అడ్డంగా కనీసం 4 సెంటీమీటర్లు ఉన్నది తీసుకుంటే ఆ ఏడే పూసే అవకాశం ఉంది. 2–3 సెంటీమీటర్ల పిల్ల దుంపలు మొదటి ఏడాది ఆకులతోనే సరిపెడతాయి. దుంపలమ్మే కంపెనీలు 14/16, 16/18 అని రాసే సైజులు దుంప చుట్టుకొలతలు, సెంటీమీటర్లలో. అంకె పెరిగేకొద్దీ పూలూ పెరుగుతాయి.

ఎప్పుడు నాటాలి

రంగుల కాలా 18 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. 30 దాటి అలాగే కొనసాగితే ఎదుగుదల ఆగుతుంది, మట్టి వేడెక్కి తడిగా కూడా ఉంటే కుళ్లు మొదలవుతుంది. దీన్నిబట్టి తెలంగాణ, రాయలసీమల్లో అక్టోబర్ రెండో సగం నుంచి నవంబర్ మధ్య వరకు నాటాలి. కోస్తాలో నవంబర్ మధ్య దాకా ఆగడం మేలు. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబర్‌లోనూ పడతాయి కాబట్టి అక్కడ కుండీ కప్పు కింద ఉండాల్సిందే. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో మొలక, ఆపైన రెండు రెండున్నర నెలలకు పూలు. అంటే సంక్రాంతి దాటాక మొదలై ఫిబ్రవరి అంతా పూస్తాయి.

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఈ తొందర లేదు. అక్కడ ఏప్రిల్, మే తప్ప ఏడాదిలో చాలా భాగం దీనికి సరిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు లెక్క తిరగబడుతుంది: ఆఖరి మంచు పోయాక వసంతంలో నాటి, శరత్తులో తొలి మంచు పడేలోపు దుంప తవ్వి ఇంట్లో పెట్టాలి.

కుండీ, మట్టి

ఒక దుంపకు 8 అంగుళాల కుండీ. మూడు దుంపలు కలిపి గుబురుగా కావాలంటే 12 అంగుళాలది, దుంపకూ దుంపకూ 12 సెంటీమీటర్ల ఎడం. ప్లాస్టిక్ కంటే మట్టి కుండీ మంచిది. గోడల గుండా తేమ ఆవిరై లోపల చల్లగా ఉంటుంది. నల్ల గ్రో బ్యాగులు మధ్యాహ్నం ఎండకు లోపలి మట్టిని బాగా వేడెక్కిస్తాయి, ఈ మొక్కకు వద్దు.

కుండీ అడుగున గులకరాళ్లో పెంకులో పొరగా వేస్తే నీరు బాగా దిగుతుందని అందరూ చెబుతారు. అది నిజం కాదు. సన్న మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి నీరు వెంటనే దిగదు, మట్టి పూర్తిగా నానేదాకా పైనే నిలిచిపోతుంది. అంటే రాళ్ల పొర వేసినంత మేర తడి దుంపకు దగ్గరవుతుంది. రంధ్రం మీద దోమల మెష్ ముక్క ఒకటి పెట్టి నేరుగా మిశ్రమం నింపండి. రంధ్రాలు కనీసం నాలుగు, చిటికెన వేలు పట్టేంతవి ఉండాలి.

మిశ్రమం పాళ్లు ఇలా:

- కడిగిన కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు) 3 పాళ్లు
- బాగా మాగిన వర్మీకంపోస్ట్ 2 పాళ్లు
- పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) లేదా ముతక ఇసుక 2 పాళ్లు
- జల్లించిన ఎర్రమట్టి 1 పాలు
- 10 అంగుళాల కుండీకి వేపపిండి ఒక గుప్పెడు, ఎముకల పొడి ఒక టేబుల్ స్పూన్

కోకోపిట్ ఇటుకను నానబెట్టి రెండు మూడుసార్లు నీళ్లు మార్చి పిండాలి. లేకపోతే అందులోని ఉప్పు ఆకుల కొనల్ని మాడుస్తుంది. ఇసుక అంటే కట్టడాలకు వాడే ముతక ఇసుకే. సన్న ఇసుక ఖాళీలన్నీ పూడ్చేసి పని చెడగొడుతుంది. నల్లరేగడి అసలు వద్దు. మిశ్రమం కలిపి కాస్త తడిపి పది రోజులు పక్కన పెట్టాక నాటండి. వేపపిండి కుళ్లేటప్పుడు పుట్టే వేడి ఆలోపు తగ్గిపోతుంది.

నాటడం

1. దుంపను గాలి తగిలే నీడలో వారం పది రోజులు ఉంచండి. కళ్లు గులాబీ రంగు తిరిగి ఉబ్బుతాయి. అవి కనిపించేదాకా నాటవద్దు. కన్ను కదలని దుంప మట్టిలో ఎక్కువ రోజులు ఊరికే పడి ఉంటుంది, కుళ్లేది అప్పుడే.

2. కార్బెండజిమ్, మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశినులు కలిసిన పొడి లీటరు నీటికి 2 గ్రాములు కలిపి 20 నిమిషాలు ముంచండి. తీసి నీడలో పూర్తిగా ఆరనివ్వండి. రసాయనాలు వద్దనుకుంటే ట్రైకోడెర్మా పొడిని మిశ్రమంలో కలపండి. రెండూ కలిపి వాడితే డబ్బు దండగ, ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కాబట్టి మొదటిది రెండోదాన్ని చంపేస్తుంది.

3. కళ్లు పైకి ఉండేలా, దుంప పైభాగం మీద 5 సెంటీమీటర్ల మట్టి వచ్చేలా పెట్టండి. ఏది పైవైపో తేలకపోతే నిలువుగా, పక్కకు పెట్టండి. మొలక దారి వెతుక్కుంటుంది. తెల్ల కాలా అయితే 8–10 సెంటీమీటర్ల లోతు.

4. మిశ్రమం అంతా చెమ్మగా అయ్యేలా ఒక్కసారి నీళ్లు పోయండి. ఇక మొలక బయటపడే వరకు పై 3 సెంటీమీటర్లు పొడిబారితేనే, అదీ ఒక గ్లాసుడు.

దుంపల్ని జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్‌లో ముంచితే పూలు ఎక్కువ వస్తాయని చదివి ఉంటారు. వ్యాపారంగా పెంచేవాళ్లు చేసేది నిజమే. కానీ వాళ్లు వాడే గాఢత లీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు. ఎరువుల దుకాణాల్లో దొరికే 0.001 శాతం ద్రావణాన్ని చుక్క నీరు కలపకుండా వాడినా లీటరుకు 10 మిల్లీగ్రాములే అవుతుంది. ఇంట్లో నాలుగు కుండీల కోసం ఆ తంటా అక్కర్లేదు.

వెలుతురు

తూర్పు బాల్కనీ దీనికి సరైన చోటు. ఉదయం మూడు నాలుగు గంటల ఎండ, ఆపైన వెలుగున్న నీడ. డిసెంబర్, జనవరిలో ఇంకో గంట ఎక్కువైనా తట్టుకుంటుంది. ఫిబ్రవరి మధ్య నుంచి 50 శాతం షేడ్ నెట్ కిందికి జరపండి. గది లోపల టీపాయ్ మీద పెడితే కాడలు సాగి, వంగి, పువ్వు బరువుకు నేలకు వాలతాయి. పూసిన కుండీని వారం రోజులు హాల్లో అలంకారానికి పెట్టుకోవచ్చు, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతూ ఉంటే ఒకే పక్కకు ఒరగదు.

నీళ్లు

రోజుకోసారి, రెండు రోజులకోసారి అనే లెక్క పెట్టుకోకండి. చూపుడువేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజుకు వద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి, పావుగంటయ్యాక కింద పళ్లెంలో నీరు పారబోయండి. కొంచెం కొంచెంగా రోజూ చిలకరిస్తే పైపొర తడిసి అడుగు వేర్లు ఎండుతాయి. హైదరాబాద్ డిసెంబర్‌లో ఇది మూడు నాలుగు రోజులకోసారి వస్తుంది, ఫిబ్రవరి చివరికి రోజు విడిచి రోజు. ఉదయమే పోయండి, మొక్క మొదలు దగ్గర మట్టి మీద పోయండి, ఆకుల మధ్య గుంతలో నీరు నిలవనివ్వకండి. పళ్లెంలో నీరు నిలిచినా ఒప్పుకునేది తెల్ల కాలా ఒక్కటే.

పొద్దున్నే ఆకు కొనన నీటిబొట్టు వేలాడుతూ కనిపిస్తే కంగారు పడకండి. రాత్రి వేర్లు పీల్చిన నీరు ఎక్కువై ఆకు కొన నుంచి బయటికి నెడుతుంది. చేమ ఆకుల్లోనూ ఇంతే.

ఆర్వో ఫిల్టర్ వదిలేసే వృథా నీటిని మొక్కలకు పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అందులో లవణాలు బోరు నీటికంటే చిక్కగా ఉంటాయి. ఈ మొక్కకు పోయకండి. బోరు నీరే గతి అయితే నెలకోసారి కుండీకి రెండింతల నీరు, ఎరువు కలపకుండా, ధారగా పోసి పేరుకున్న ఉప్పును కడిగేయండి. మిశ్రమం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6 నుంచి 6.5 ఉంటే మంచిది. సున్నం ఎక్కువున్న నీటితో అది పెరిగితే కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా మారతాయి. అది ఇనుము అందకపోవడం. చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము) లీటరుకు అర గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేస్తే పది రోజుల్లో తేడా తెలుస్తుంది.

ఎరువు

రెండు మూడు ఆకులు విచ్చుకున్నాక 19:19:19 (ఎరువు సంచి మీది ఈ అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) లీటరుకు 1 గ్రాము, పది రోజులకోసారి, కుండీకి అర లీటరు. మొగ్గ కనిపించగానే దాన్ని ఆపి 13:0:45 అదే మోతాదులో. నెలకోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకు 1 గ్రాము ఇస్తే కాడలు గట్టిపడతాయి. దాన్ని వేరే ఎరువుతో ఒకే బకెట్‌లో కలపకండి, తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది.

యూరియా వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకులు అరటాకుల్లా వస్తాయి, పువ్వు రాదు, పైగా మెత్తబడిన కణజాలం కుళ్లుకు ఇట్టే లొంగుతుంది. పచ్చి పేడ, బియ్యం కడిగిన నీళ్లు, పుల్ల మజ్జిగ, అరటి తొక్కలు నానిన నీళ్లు మిగతా మొక్కలకు పోసుకోండి. దీని మట్టిలో అవి పులిసి సూక్ష్మజీవుల్ని, నల్ల చిన్న ఈగల్ని పెంచుతాయి.

పువ్వు కోయడం

గరాటు దాదాపు పూర్తిగా విచ్చుకున్నాకే కోయండి. మొగ్గగా కోస్తే వాజులో విచ్చుకోదు. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి కాడ మొదట్లో కోయాలి. ఒక మొక్కకు వైరస్ ఉంటే కత్తి ద్వారా మరోదానికి అంటుకుంటుంది. వాజులో 5 సెంటీమీటర్ల నీళ్లే చాలు. లోతు నీటిలో పెడితే కాడ అడుగు చీలి, ఉంగరాలుగా చుట్టుకుపోతుంది. రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే వారం పది రోజులు నిలుస్తుంది. కోయకుండా మొక్కకే వదిలేస్తే పాతబడే కొద్దీ పువ్వు ఆకుపచ్చకు తిరుగుతుంది. అప్పుడు తీసేయండి, లేకపోతే గింజ కట్టడానికి దుంప బలం ఖర్చవుతుంది.

మెత్తకుళ్లు, ఇతర చిక్కులు

దీనికి వచ్చే జబ్బుల్లో అన్నిటికంటే పెద్దది మెత్తకుళ్లు. మట్టి తడిగానే ఉంటుంది, అయినా ఆకులు హఠాత్తుగా వాలిపోతాయి. ఆకు పట్టుకుని లాగితే ప్రతిఘటన లేకుండా చేతికొస్తుంది. మొదలు జిగటగా, బూడిద రంగులో, చేపలు కుళ్లిన వాసనతో ఉంటుంది. ఇలా వాలిందని చూసి మరిన్ని నీళ్లు పోయడంతో కథ ముగుస్తుంది. మధ్యాహ్నం ఎండకు వాలి సాయంత్రానికి లేచి నిలబడితే అది వేడి మాత్రమే, నీడకు జరిపితే చాలు.

మెత్తకుళ్లు పెక్టోబాక్టీరియం అనే బాక్టీరియా పని. శిలీంధ్రనాశినులు చల్లి లాభం లేదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు పోస్తే పక్క కుండీలకు కొంత కాపలా, రోగం వచ్చినదాన్ని బతికించదు. జబ్బు మొక్కను మట్టితో సహా కవర్లో కట్టి పారేయండి, కంపోస్ట్ గుంతలో వేయకండి. ఖాళీ కుండీని ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం, తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి అరగంట నానబెట్టి కడగండి. దుంపలో సగం గట్టిగా ఉంటే తెల్లటి కండ తగిలేదాకా కోసి, వారం ఆరబెట్టి మళ్లీ నాటి చూడొచ్చు, కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

పురుగుల్లో ముందు వచ్చేది పేనుబంక, మొగ్గ మెడ దగ్గర గుంపుగా చేరుతుంది. నీటి ధారతో కడిగేసి, వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి, ఐదు రోజులకు మళ్లీ. తామర పురుగులుంటే పువ్వు అంచులు గోధుమ రంగు గీతలతో మాడినట్టుంటాయి. ఎర్రనల్లి ఫిబ్రవరి పొడి వేడిలో ఆకు అడుగున చేరుతుంది. ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు ఈకల ఆకారంలో కలగాపులగంగా కనిపిస్తే అది మొజాయిక్ వైరస్, మందు లేదు. చేమకు వచ్చే వైరసే దీనికీ వస్తుంది, పేనుబంక మోస్తుంది. మిద్దెతోటలో చేమ పెంచేవాళ్లు రెండింటినీ దూరంగా పెట్టండి.

ఆకులు దట్టంగా ఉండి పువ్వు రాకపోతే కారణం దుంప చిన్నదో, నత్రజని ఎక్కువో, వెలుగు తక్కువో, లేదా పోయినేడు నిద్ర చాలకపోవడమో అయి ఉంటుంది.

ఆకులు పండినప్పుడు

మార్చిలో ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కుతాయి. పూలు అయిపోయాక వచ్చే నెల నెలన్నర రోజులే దుంప ఊరే కాలం. చాలామంది పువ్వు పోగానే మొక్కను గాలికి వదిలేస్తారు, వచ్చే ఏడు పువ్వు తగ్గేది అందుకే. ఆ రోజుల్లో 0:0:50 లీటరుకు 1 గ్రాము, పదిహేను రోజులకోసారి ఇవ్వండి. పచ్చగా ఉన్న ఆకును కోయకండి.

మూడింట రెండొంతుల ఆకులు పండాక నీళ్లు పూర్తిగా ఆపేయండి. మరో మూడు వారాలకు మట్టి ఎండి, ఆకులు తేలిగ్గా ఊడివస్తాయి. అప్పుడు కుండీ బోర్లించి దుంప తీయండి. కడగకండి. చేత్తో మట్టి దులిపి, నీడలో ఫ్యాను గాలికి వారం పది రోజులు ఆరబెట్టండి. తల్లి దుంపకు అంటుకున్న పిల్లల్ని ఇప్పుడు విరవకండి, గాయం నిల్వలో కుళ్లుకు దారి. అక్టోబర్‌లో నాటే ముందు విరిచి, మూడు నాలుగు రోజులు గాయం ఆరాక విడిగా నాటుకోవచ్చు.

మన మే నెలలో దుంపను ఎక్కడ దాచాలన్నదే అసలు ప్రశ్న. ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింద ఉండే కూరగాయల పెట్టె సరిపోతుంది. పొడి కోకోపిట్‌లో గాని, వార్తాపత్రికలో గాని చుట్టి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో మూటకడితే చెమ్మ పట్టి బూజెక్కుతుంది. అరటి, యాపిల్, మామిడి ఉన్న పెట్టెలో వద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు కళ్లను దెబ్బతీస్తుంది. ఫ్రీజర్‌కు ఆనుకుని 4 డిగ్రీలకంటే తగ్గే అరలోనూ వద్దు. పదిహేను రోజులకోసారి నొక్కి చూసి మెత్తబడినవి ఏరేయండి. సెప్టెంబర్ చివర్లో బయటికి తీస్తే రెండు మూడు వారాల్లో కళ్లు కదులుతాయి.

తవ్వడం ఇష్టం లేకపోతే కుండీలోనే వదలొచ్చు, కానీ ఒక్క చుక్క వాన తగలని చోట. జూన్ తొలకరిలో తడిసిన వెచ్చటి మట్టిలో నిద్రపోతున్న దుంప వారం కూడా ఆగదు. తెల్ల కాలాకు ఈ ఎండగట్టడం వర్తించదు. వేసవిలో చిక్కటి నీడలో ఉంచి, మట్టి పూర్తిగా ఎండకుండా వారానికి ఒకటి రెండుసార్లు తడుపుతూ గడిపించాలి.

పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో

ఆకు, కాడ, దుంప అన్నిటిలోనూ కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. పచ్చి కంద దురద పెట్టడానికి కారణం ఇవే. కొరికితే నోరు మండి, పెదాలు, నాలుక వాస్తాయి. వెంటనే నోరు కడిగించి చల్లటి పాలు గాని పెరుగు గాని ఇవ్వండి. మింగడానికి, ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది ఉంటే ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కుక్క, పిల్లి నమిలినా ఇదే బాధ. కుండీ వాటికి అందని ఎత్తులో పెట్టండి, దుంపలు విరిచేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి. ఫ్రిజ్‌లో దాచిన పెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. చూడ్డానికి చేమదుంపలా ఉంటుంది కాబట్టి తెలియనివాళ్లు కూరకు తీసేయవచ్చు.